వేగం ఎవరిది వారిది, వేళ ఇద్దరిదీ

జూలై మొదటి వారం, తెల్లవారుజాము అయిదున్నర. విశాఖ బీచ్ రోడ్డులో కాళీమాత గుడి దగ్గర పరుగు మొదలుపెట్టి, సబ్‌మెరైన్ మ్యూజియం ఇంకా దాటకముందే ఆగిపోయాను. మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగి నిలబడ్డాను. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. నలభై అడుగులు ముందున్న మా ఆయన వెనక్కి వచ్చి, భుజం మీద చెయ్యేసి, "ఇంకొంచెం మనసు పెట్టు, అదే వస్తుంది" అన్నారు.

ప్రేమగా అన్న మాటే. అయినా ఆ రోజంతా ముల్లులా గుచ్చుతూనే ఉంది. మనసు పెట్టకుండా నేను అంతదూరం కూడా రాలేదు. ఆ పూట నా ఒంట్లో ఉన్నదల్లా మనసే.

అసలు కారణం నా హ్యాండ్‌బ్యాగులో మూడు వారాలుగా ఉంది. జూన్ 14న, ప్రపంచ రక్తదాతల దినం నాడు, మా ఆయన ఆఫీసులో రక్తదాన శిబిరం పెట్టారు. ఆయనతోపాటు నేనూ వెళ్లాను. వేలి కొస మీద చిన్న పోటు పొడిచి చూసిన అమ్మాయి, "మేడమ్, మీరు ఇవ్వకూడదు. మీకే తక్కువగా ఉంది" అని ఒక చీటీ చేతిలో పెట్టింది. హిమోగ్లోబిన్ 10.1. రక్తం ఇవ్వాలంటే కనీసం 12.5 ఉండాలి. "రక్తం తక్కువట" అని కారులో చెప్పాను, "అయ్యో" అన్నారాయన, ఇల్లు చేరేసరికి ఇద్దరం మరిచిపోయాం. ఊపిరితిత్తుల నుంచి కండరాలకు ఆక్సిజన్ మోసేదే హిమోగ్లోబిన్. మోసేవాళ్లు తక్కువైతే సరుకు చేరదు. దాన్ని ఆయన నా పట్టుదలలో లోపంగా చదివారు. నేనూ అలాగే చదువుకున్నాను, అదే ఎక్కువ బాధ.

ఇది నా ఒక్కదాని కథ కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 59 శాతం, తెలంగాణలో దాదాపు 58 శాతం. సగానికి పైగా! అందుకే, దంపతులు కలిసి పరుగు మొదలుపెడుతున్నాం అంటే నేను చెప్పే మొదటి మాట షూస్ గురించి కాదు. ఇద్దరూ రక్తపరీక్ష చేయించుకోండి. నలభై దాటితే బీపీ, షుగరు, గుండె సంగతి కూడా డాక్టరుతో మాట్లాడండి. ఆ కాగితాలు ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చదవండి. భార్య రిపోర్టు భర్త, భర్త రిపోర్టు భార్య చదివితే మరీ మంచిది. అవతలి మనిషి ఎందుకు వెనకబడుతున్నారో రోడ్డెక్కాక ఊహించుకోవలసిన అవసరం ఉండదు.

నా చీటీ పట్టుకుని వెళితే మా డాక్టరుగారు వెంటనే ఐరన్ మాత్రలు రాయలేదు. ముందు ఫెరిటిన్, హెచ్‌బీఏ2 పరీక్షలు చేయించారు. మొదటిది ఒంట్లో ఇనుము నిల్వ ఎంతో చెబుతుంది. రెండోది తలసీమియా మైనర్ ఉందేమో పట్టిస్తుంది. ఆ లక్షణాన్ని మోసేవాళ్లలో కూడా రక్తం కొద్దిగా తక్కువే కనిపిస్తుంది కాబట్టి ఇనుము లోపం అని పొరబడే వీలుంది. నాకు ఉన్నది ఇనుము లోపమే. మాత్ర నిమ్మరసంతో వేసుకోమన్నారు. దానికి ముందూ వెనకా గంటసేపు టీ, కాఫీ ముట్టొద్దన్నారు. పరుగు మానక్కర్లేదు, నడకతో మొదలుపెట్టి మెల్లగా పెంచమన్నారు.

తలసీమియా అన్న మాట వినగానే మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మేం పరుగెత్తాలనుకున్నదే ఆ జబ్బున్న పిల్లల కోసం. మా అపార్ట్‌మెంటులో కింది ఫ్లాటు పాపకు ఏడేళ్లు. తలసీమియా మేజర్. ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాదు, మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోవాలి. ఎక్కించిన ప్రతిసారీ దాంతోపాటు ఇనుమూ వస్తుంది. బయటికి పోయే దారి లేక గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని దించడానికి మళ్లీ మందు. పై అంతస్తులో నేను ఇనుము చాలక మాత్ర మింగుతుంటే, కింది అంతస్తులో ఆ పిల్ల ఇనుము ఎక్కువై మాత్ర మింగుతోంది. వేసవిలో కాలేజీలకు సెలవులిచ్చి శిబిరాలు తగ్గిపోయినప్పుడు వాళ్ల నాన్న రక్తం కోసం ఫోను పట్టుకుని మెట్ల మీద కూర్చునేవాడు. ఆ దృశ్యం చూసినవాళ్లెవరూ ఊరికే ఉండలేరు. అలాంటి పిల్లల చికిత్స కోసం నవంబరులో బీచ్ రోడ్డు మీద చారిటీ రన్ ఉందని తెలిసి, పది కిలోమీటర్లకు ఇద్దరం పేర్లిచ్చాం.

ఇంట్లో పెళ్లికాని పిల్లలుంటే ఆ హెచ్‌బీఏ2 పరీక్ష ఒక్కసారి చేయించండి. ఇద్దరు మోసేవాళ్లు పెళ్లాడితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు తీవ్రంగా వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. జాతకాలు ఎంత ఓపికగా చూస్తామో ఈ కాగితమూ అంత ఓపికగా చూడాలి.

సరే, పరుగు సంగతికి వస్తాను. రిపోర్టు వచ్చిన సాయంత్రం మా ఆయన పెద్ద మాటలేమీ చెప్పలేదు. మర్నాడు బీచ్ దగ్గర నేను ఆగినప్పుడు తనూ ఆగి, "ఎలా ఉంది?" అని మాత్రం అడిగారు. "ఎందుకు ఆగావు" అన్నదానికీ "ఎలా ఉంది" అన్నదానికీ మధ్య ఎంత దూరం ఉందో నాకు ఆ క్షణాన తెలిసింది. మొదటిదానికి సంజాయిషీ ఇచ్చుకోవాలి. రెండోదానికి ఉన్నమాట చెబితే చాలు.

"నేను చేయగలిగితే నువ్వెందుకు చేయలేవు" అన్న మాట కూడా పరుగులోంచి తీసేయండి. ఒంటి నిర్మాణం వేరు, గుండె పరిమాణం వేరు, రక్తం వేరు. ప్రపంచ స్థాయి క్రీడాకారుల్లోనే పరుగులో స్త్రీ పురుషుల మధ్య దాదాపు పది శాతం తేడా ఉంటుంది. చాలా ఇళ్లలో భార్యే వేగంగా పరుగెత్తుతుంది, అప్పుడు ఇదే జాగ్రత్త ఆవిడ పడాలి. ఎవరి వేగం సరైనదో తేల్చే కొలత ఒకటే: పరుగెత్తుతూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలి. రెండు మాటలకే ఊపిరి తెగిపోతుంటే తగ్గించాలి. దానికి గడియారం అక్కర్లేదు, పక్కన మాట్లాడే మనిషి ఉంటే చాలు.

మేం పడ్డ తప్పుదారి ఏమిటంటే, కలిసి సాధన చేయడమంటే భుజం భుజం రాసుకుంటూ పరుగెత్తడం అనుకున్నాం. రెండు వారాలు అలాగే చేశాం. ఆయన కాళ్లను బలవంతంగా అదుపు చేసుకుంటూ పరుగెత్తారు, నేను ఆయనకు అడ్డం అవుతున్నానన్న బెంగతో పరుగెత్తాను. ఇద్దరికీ సుఖం లేదు.

జెటోపెక్ దంపతుల సంగతి నాకు అప్పుడే గుర్తొచ్చింది. చెకొస్లొవేకియాకు చెందిన ఎమిల్ జెటోపెక్, డానా జెటోప్కోవా ఇద్దరూ 1922 సెప్టెంబరు 19న, ఒకే రోజున పుట్టారు. 1952 జూలై 24న హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఒకే రోజున ఇద్దరూ స్వర్ణాలు గెలిచారు. ఆయన గెలిచింది 5,000 మీటర్ల పరుగులో. ఆమె గెలిచింది పరుగులో కాదు, జావెలిన్‌లో. ఒకే ఇల్లు, ఒకే మైదానం, ఒకే సాయంత్రం, కానీ ఎవరి ఆట వారిది. ఆమె ఆయన వెనక పరుగెత్తనక్కర్లేకపోయింది, ఆయన ఆమె పక్కన ఈటె విసరనక్కర్లేకపోయింది.

ఆ తర్వాత మేం పట్టుకున్న పద్ధతి ఇది. మంగళ, గురువారాలు ఇద్దరం ఒకేచోట బయల్దేరతాం. ఎవరి వేగంతో వారు ఇరవై నిమిషాలు ముందుకు. ఇరవై నిమిషాలు కాగానే ఎక్కడున్నవాళ్లు అక్కడే వెనక్కి తిరగాలి. ఆయన నాకంటే బాగా దూరం వెళ్లి తిరుగుతారు, నేను ముందే తిరుగుతాను. ఇద్దరం వేగం మార్చకపోతే నలభయ్యో నిమిషానికి ఇద్దరం బయల్దేరిన చోటే ఉంటాం. ఆయన అడుగుల చప్పుడు వెనక నుంచి దగ్గరవుతుండగా నేను గుడి దగ్గరికి చేరేదాన్ని. ఎవరూ ఎవరికోసం ఆగలేదు, ఎవరూ ఎవరినీ లాగలేదు. మీ మధ్య వేగంలో తేడా ఎంత ఉన్నా సరే, ఇది చేసి చూడండి. ఆదివారం మాత్రం లాంగ్ రన్, అది పూర్తిగా నెమ్మదైన మనిషి ఊపిరికి తగ్గట్టు, పక్కపక్కన, కబుర్లతో.

ఆదివారాల్లో ఒడ్డున జాలర్లు పెద్దవల లాగడం కనిపించేది. వలకు ఈ కొస ఒక జట్టు, ఆ కొస ఒక జట్టు, మధ్యలో చాలా దూరం. ఒకరి మొహం ఒకరికి కనబడదు. అయినా ఒకే ఊపులో లాగుతూ, మెల్లమెల్లగా దగ్గరికి జరుగుతూ వస్తారు. మేం ఆగి చూసేవాళ్లం.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన విషయం. దీన్ని పరుగు పుస్తకాలు పట్టించుకోవు. మన ఇళ్లలో దంపతుల పరుగు ప్రణాళిక రోడ్డు మీద కాదు, వంటింట్లో మొదలవ్వాలి. అయిదున్నరకు ఇద్దరూ బీచ్‌లో ఉండాలంటే, ఆయన అయిదింటికి లేచి షూస్ కట్టుకుంటే సరిపోతుంది. నేను నాలుగింటికి లేచి కుక్కరు పెట్టి, అమ్మాయి బాక్సు సర్ది, అత్తయ్యకు పాలు కాచి అప్పుడు షూస్ కట్టుకోవాలి. మొదటి రెండు వారాలు అలాగే జరిగింది. నిద్ర కూడా సాధనలో భాగమే, పరుగులో అలసిన కండరం నిద్రలోనే బాగుపడుతుంది. రోజుకు గంట నిద్ర తక్కువైన మనిషి, రక్తం తక్కువైన మనిషి, భర్తతో సమానంగా పరుగెత్తాలని ఆశించడం అన్యాయం. అది అన్యాయమని నేను గట్టిగానే చెప్పాను. ఏడుస్తూ కాదు, ఒక కాగితం తీసుకుని. తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది దాకా మా ఇంట్లో ఏయే పని ఎవరు చేస్తున్నారో రాశాను. పదకొండు పనులుంటే తొమ్మిది నావి.

ఆయన ఆ కాగితం చాలాసేపు చూశారు. తర్వాత పెన్ను తీసుకుని పేర్లు మార్చారు. పప్పు నానబెట్టడం, రాత్రే రుబ్బించి పిండి ఫ్రిజ్‌లో పెట్టడం ఆయన వంతు. మంగళ, గురువారాలు అమ్మాయి బాక్సు ఆయనదే. పరుగుకు ముందు ఇద్దరికీ చెరో చిన్న గ్లాసు చోడి అంబలి, అది కాచడమూ ఆయనే నేర్చుకున్నారు. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి తన యూనిఫాం తనే ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టింది. అత్తయ్య కోరింది ఒకటే: "చీకట్లో ఒక్కదానివీ పోకమ్మా." అందులో న్యాయం ఉంది. చీకట్లో ఆడమనిషికి బీచ్ రోడ్డయినా జాగ్రత్త అవసరమే. కలిసి బయల్దేరడంలో నాకు దొరికిన పెద్ద లాభాల్లో అదొకటి. నా ఇరవై నిమిషాలు కూడా నడిచేవాళ్లతో నిండుగా ఉండే మేరకే ఉండేలా చూసుకున్నాను.

మీరూ ఆ కాగితం రాయండి. రన్‌కు పేర్లివ్వకముందే రాయండి.

సాధన వివరాలు పెద్దగా లేవు. మొదటి వారాల్లో ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, పదిసార్లు. ఒంటికి అలవాటయ్యే కొద్దీ పరుగు పెంచి నడక తగ్గించడం. వారానికి మూడు రోజులే, మధ్య రోజుల్లో విశ్రాంతి. వారం వారం దూరం కొంచెమే పెంచడం. షూస్ సాయంత్రం పూట కొనండి, అప్పటికి పాదం కొద్దిగా ఉబ్బి ఉంటుంది, సరైన సైజు తెలుస్తుంది. సముద్రపు ఊళ్లలో ఇంకొకటి గమనించాలి: గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఉక్కగా ఉన్న రోజు వేగం తగ్గించుకోవడం ఓటమి కాదు.

సెప్టెంబరులో కథ తిరగబడింది. నా హిమోగ్లోబిన్ 11.6కు వచ్చింది, కాళ్లకు బలం వచ్చింది. ఆయనేమో వేగం మీద మోజుతో పాండురంగాపురం డౌన్ అనే వాలు రోడ్డు ఎక్కుతూ దిగుతూ సాధన పెంచేసి, కాలి ముందెముక నొప్పి తెచ్చుకున్నారు. రెండు వారాలు పరుగు వద్దన్నారు డాక్టరు. "నేను ముందే చెప్పాను" అన్న మాట నా నాలుక చివర దాకా వచ్చింది. నిజంగానే ముందే చెప్పాను కూడా. కానీ జూలైలో నాకు ఏ మాట కావాలనిపించిందో గుర్తొచ్చి, "ఎలా ఉంది?" అని అడిగాను. ఆ రెండు వారాలూ ఆయన నాతోపాటే లేచి వచ్చారు. గుడి దగ్గర గట్టు మీద కూర్చుని, నా నీళ్ల సీసా పట్టుకుని, నేను తిరిగొచ్చేదాకా సముద్రం చూస్తూ ఉండేవారు. వేగం సున్నా అయినా ఆ వేళను మాత్రం ఆయన వదల్లేదు. పెళ్లయిన పదిహేడేళ్లలో నేను చూసిన ప్రేమల్లో అది ఎన్నదగినది.

ఆదివారం లాంగ్ రన్‌లో ఏం మాట్లాడుకోవాలన్నదానికి కూడా ఒక కట్టు పెట్టుకున్నాం. ఎదురెదురుగా కూర్చుంటే రాని మాటలు పక్కపక్కన నడుస్తుంటే వస్తాయి. కళ్లలో కళ్లు పెట్టి చూడనక్కర్లేదు కదా. మొదట్లో ఆ సౌకర్యాన్ని చూసుకుని ఇంటి వాయిదాలు, అమ్మాయి మార్కులు, మా తమ్ముడి అప్పు అన్నీ పరుగులోకి తెచ్చేశాం. దాంతో ఊపిరీ చెడింది, మాటా చెడింది. డబ్బు, చదువు, చుట్టాల తగువులు పరుగు అయ్యాక టీ దగ్గరే అని నిర్ణయించుకున్నాం. పరుగులో పాత జ్ఞాపకాలు, చదివిన కథలు, భయాలు. అవును, భయాలు కూడా. తన తండ్రిలాగే తనకూ గుండె జబ్బు వస్తుందేమోనన్న భయం ఆయన నాతో మొదటిసారి చెప్పింది వుడా పార్కు ఎదురుగా, ఒక ఆదివారం.

విరాళాలు అడగడం పరుగు కంటే కష్టం. ఇద్దరికీ మొహమాటమే. ఇక్కడ నాకు ధైర్యమిచ్చింది టెర్రీ ఫాక్స్. కెనడా కుర్రాడు. ఎముక క్యాన్సర్‌తో 1977లో కుడి కాలు పోయింది. 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలితో దేశం ఈ కొస నుంచి ఆ కొసకు పరుగు మొదలుపెట్టాడు. 143 రోజులు, 5,373 కిలోమీటర్లు పరుగెత్తాక క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకి ఆగిపోయాడు. 1981 జూన్‌లో, ఇరవై మూడేళ్లు నిండకుండానే చనిపోయాడు. అతను అడిగింది ఎంతో తెలుసా? దేశంలో మనిషికి ఒక్క డాలరు. చనిపోకముందే ఆ లెక్క నిండింది. రెండు కోట్ల నలభై లక్షల డాలర్లు దాటింది.

అతని దగ్గర నేర్చుకోవలసింది అడిగే తీరు. "తోచినంత ఇవ్వండి" అంటే ఎదుటివాళ్లకు ఏమీ తోచదు. మేం "కిలోమీటరుకు పది రూపాయలు, పది కిలోమీటర్లకు వంద" అని అడిగాం. ఉడతాభక్తిగా అందరూ ఇవ్వగలిగిన మొత్తం అది. వంద అడిగితే చాలామంది అయిదొందలిచ్చారు. ఇవ్వనివాళ్ల లెక్క మేం పెట్టుకోలేదు, మీరూ పెట్టుకోవద్దు. అడగడానికి ముందు మా వంతుగా మేమే మొదలుపెట్టాం: సాధనలో పరుగెత్తిన ప్రతి కిలోమీటరుకూ పది రూపాయలు డబ్బాలో. అమ్మాయే లెక్క రాసేది. నవంబరు నాటికి నావి 240, ఆయనవి 290. మొత్తం 5,300 రూపాయలు. మానేసిన రోజుకు జరిమానా పెడదామా అని ఒకసారి అనుకున్నాం, వద్దనుకున్నాం. ఒళ్లు బాగాలేని రోజు జరిమానాకు భయపడి పరుగెత్తడం మంచిది కాదు.

విరాళం వెళ్లే సంస్థ రిజిస్ట్రేషను, కిందటేడు ఖర్చుల వివరాలు అడిగి చూడండి. కట్టిన ఎంట్రీ ఫీజులో టీషర్టుకూ పతకానికీ ఎంత పోతుందో, పిల్లలకు ఎంత చేరుతుందో అడగండి. మంచి సంస్థ సంతోషంగా చెబుతుంది. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లు విరాళానికి మినహాయింపు కావాలంటే రెండు వేలు దాటిన మొత్తం నగదుగా ఇవ్వకూడదు, బ్యాంకు ద్వారానే పంపాలి.

రన్‌కు ముందురోజు రాత్రి ఒక ప్రశ్న మిగిలింది: రేపు కలిసి పరుగెత్తాలా, విడివిడిగానా? 1981 మార్చిలో మొట్టమొదటి లండన్ మారథాన్‌లో అమెరికాకు చెందిన డిక్ బియర్డ్‌స్లీ, నార్వేకు చెందిన ఇంగె సైమన్‌సెన్ గెలుపు కోసం చివరిదాకా పోటీపడి, ఆఖరికి చెయ్యీ చెయ్యీ పట్టుకుని ఒకేసారి గీత దాటారు. మా ఆయనకు ఆ బొమ్మంటే ఇష్టం. "మనమూ అలా దాటుదాం, నేను నీతోనే ఉంటాను" అన్నారు. నేను వద్దన్నాను. ఈ పది కిలోమీటర్లు నా కాళ్లతో, నా లెక్కతో పూర్తి చేయాలని ఉందని చెప్పాను. ఆయన మొహం చిన్నబోలేదు, "అయితే నేను గీత అవతల ఉంటాను" అన్నారు. మీరు ఏది ఎంచుకున్నా ఫరవాలేదు. కాకపోతే ముందురాత్రే మాట్లాడుకోండి. ఆరో కిలోమీటరు దగ్గర తేల్చుకునే విషయం కాదది.

ఆయన అరవై ఒక్క నిమిషాలకు, నేను ఎనభై రెండు నిమిషాలకు చేరాం. గీత అవతల ఆయన, అమ్మాయి, అత్తయ్య, కింది ఫ్లాటు పాప, వాళ్ల నాన్న. పాప నా పతకం తీసి తన మెడలో వేసుకుంది.

డిసెంబరు రెండో వారంలో ఇద్దరం రక్తనిధికి వెళ్లాం. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వవచ్చు. ఆయన జూన్‌లో ఇచ్చారు కాబట్టి ఇబ్బంది లేదు. నాకు వేలి కొస మీద మళ్లీ అదే పోటు. ఈసారి 12.8. పక్కపక్క మంచాల మీద పడుకోబెట్టారు, చేతిలో మెత్తటి బంతులు పెట్టి నొక్కమన్నారు. ఇద్దరికీ 350 మిల్లీలీటర్ల సంచులే. ఆయన సంచి ముందు నిండింది. సూది తీసి, దూది అద్ది, బయట జ్యూస్ ఇస్తారు వెళ్లండి అంది నర్సు. "ఆవిడది అయ్యేదాకా ఇక్కడే ఉంటానమ్మా" అని ఆయన స్టూలు నా మంచం పక్కకు లాక్కుని కూర్చున్నారు.